ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడేవారిలో పుట్టుమచ్చల మార్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కిడ్నీ మార్పిడి అయినవాళ్లు, లూపస్, కీళ్లవాతం, సోరియాసిస్, క్రోన్స్ లాంటి జబ్బులకి ఏళ్ల తరబడి మందులు మింగేవాళ్లు చర్మం ఓపీకి వచ్చి అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె తడుముకోకుండా చెప్పేవాళ్లు కూడా తమ అరికాలు చూసుకుని ఎన్నాళ్లయిందంటే ఆలోచనలో పడతారు. మళ్లీ మళ్లీ వచ్చే సందేహాలన్నీ ఇక్కడ ఒకచోట చేర్చాను. ఏ జవాబుకి ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## మందులు మొదలైన కొత్తలో

నాకు ట్రాన్స్‌ప్లాంట్ కాలేదు, కీళ్ల నొప్పులకి మందు వాడుతున్నా అంతే. ఇది నాకూ వర్తిస్తుందా?

వర్తిస్తుంది, కాకపోతే అందరికీ ఒకే మోతాదులో కాదు. అజథయోప్రిన్, సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, సైక్లోఫాస్ఫమైడ్, నెలల తరబడి వాడే ప్రెడ్నిసొలోన్, అడాలిముమాబ్, ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి బయోలాజిక్ ఇంజెక్షన్లు, టోఫాసిటినిబ్ మాత్రలు, ఇవన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. రెండు మూడు మందులు కలిపి, ఎక్కువ మోతాదులో, జీవితాంతం వాడేది అవయవ మార్పిడి అయినవాళ్లు కాబట్టి అందరికన్నా ఎక్కువ జాగ్రత్త వాళ్లకే కావాలి. వారానికోసారి తక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ మాత్రమే వేసుకునేవాళ్లకి ముప్పు వాళ్లంత ఉండదు. ఆ మందు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు పరిశోధనలు నడిపిన లెడర్లీ ప్రయోగశాలల నుంచి వచ్చిందని చెబితే మా పేషెంట్లు ఆ మాత్రని కాస్త అభిమానంగా చూస్తారు.

ఆయాసానికి అయిదు రోజులు వేసుకున్న స్టెరాయిడ్ కోర్సు ఈ కోవలోకి రాదు.

ఇమ్యూనిటీకీ పుట్టుమచ్చకీ సంబంధం ఏంటి?

చర్మంలో రోజూ కొన్ని కణాలు దారి తప్పుతూనే ఉంటాయి. రోగనిరోధక కణాలు కాపలా తిరుగుతూ వాటిని ఏరిపారేస్తాయి. కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టకుండా ఉండాలంటే ఆ కాపలాని సడలించక తప్పదు. సడలిస్తే రంగు కణాల మీద పట్టు తగ్గుతుంది, పులిపిర్లు తెచ్చే హెచ్‌పీవీ వైరస్ మీద కూడా తగ్గుతుంది.

దీనికి తోడు కొన్ని మందులు తమంతట తామే చర్మాన్ని ఇబ్బంది పెడతాయి. అజథయోప్రిన్ వాడేవాళ్ల చర్మకణాల డీఎన్ఏలో చేరే పదార్థం ఎండలోని అల్ట్రావయొలెట్-ఏ కిరణాల్ని పీల్చుకుంటుంది. ఫంగస్ ఇన్‌ఫెక్షన్‌కి నెలల తరబడి ఇచ్చే వోరికొనజోల్‌తోనూ ఎండ పడదు.

మన రంగుకి స్కిన్ క్యాన్సర్ రాదంటారు కదా?

తక్కువ వస్తుంది, అసలు రాదని కాదు. యూరప్, ఆస్ట్రేలియా లెక్కల్లో అవయవ మార్పిడి అయినవాళ్లకి స్క్వామస్ సెల్ కార్సినోమా అనే చర్మ క్యాన్సర్ మామూలు జనం కన్నా 65 నుంచి 250 రెట్లు ఎక్కువ, రంగు కణాల్లో పుట్టే మెలనోమా అనే క్యాన్సర్ రెండు నుంచి నాలుగు రెట్లు ఎక్కువ. అవి ప్రధానంగా తెల్లవాళ్ల మీద తీసిన లెక్కలు. చామనఛాయ, నలుపు చర్మానికి ఆ రంగునిచ్చే మెలనిన్ మనకి పెద్ద రక్షణ. అందుకని ఆ అంకెలు తెచ్చి మనకి అతికించుకుని హడలిపోవద్దు.

అయితే మన చర్మంలో వచ్చినప్పుడు అది వచ్చే చోటు వేరు. ఎండ తగలని అరికాలు, అరచేయి, గోటి కింద, నోట్లో, మర్మాంగాల దగ్గర వస్తుంది. పాత కాలిన మచ్చలోనూ రావచ్చు. ఎవరూ చూడని చోట్లు కావడంతో ఆలస్యంగా బయటపడుతుంది. గాయకుడు బాబ్ మార్లేకి 1977లో మెలనోమా బయటపడింది కాలి బొటనవేలి గోటి కిందే. 36 ఏళ్లకే, 1981లో పోయాడు.

మందు మొదలుపెట్టే ముందే చర్మం చూపించుకోవాలా?

వీలైతే తప్పకుండా. మార్పిడికి ముందు పంటి డాక్టర్, గుండె డాక్టర్ సంతకాలు ఎలాగూ తీసుకుంటారు, అదే తిరుగుడులో చర్మ డాక్టర్‌ని కూడా కలవండి. తల నుంచి అరికాలి దాకా ఒకసారి చూసి, ఉన్న మచ్చల్ని రాసిపెడితే రెండేళ్ల తర్వాత "ఇది ముందునుంచీ ఉందా, కొత్తదా" అన్న వాదన ఉండదు. ఇంతకుముందు మెలనోమా వచ్చి ఉంటే, ఎంత పాతదైనా, ఆ సంగతి మార్పిడి చేసే బృందానికి ముందే చెప్పాలి.

ఉన్న మచ్చలన్నీ ముందే తీయించేస్తే గొడవ వదిలిపోతుందిగా?

వదలదు. మెలనోమాల్లో ఎక్కువ భాగం పాత మచ్చలోంచి కాదు, ఏమీ లేని చర్మం మీద కొత్తగా పుడతాయి. అన్నీ తీయించుకుంటే మిగిలేవి కుట్ల మచ్చలే. అనుమానం ఉన్నదాన్ని తీయిస్తే చాలు.

## ఇంట్లో ఏదో కనిపించినప్పుడు

మందు మొదలైన కొన్ని నెలలకి ఒక్కసారిగా చిన్న చిన్న మచ్చలు పుట్టుకొచ్చాయి. ఏమవుతోంది?

దీనికి వైద్యంలో ఎరప్టివ్ మెలనోసైటిక్ నీవై అని పేరుంది. అజథయోప్రిన్, మెర్కాప్టోప్యూరిన్, సైక్లోస్పోరిన్, బయోలాజిక్ మందులు వాడేవాళ్లలోనూ, కీమోథెరపీ తీసుకున్న పిల్లల్లోనూ చూస్తాం. అరచేతుల్లో, అరికాళ్లలో ఎక్కువగా వస్తాయి. ఆవగింజంత, ఒకే రంగులో, గుండ్రంగా, ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. నూటికి ఎక్కువ భాగం ప్రమాదం లేనివే.

అలాగని చూపించకుండా వదలొద్దు. కొత్తవి పదులకొద్దీ వచ్చినప్పుడు వాటి మధ్య ఒక తేడా మచ్చ దాక్కుంటే కనిపెట్టడం కష్టం. డాక్టర్ ఒకసారి డెర్మోస్కోప్‌తో (మచ్చని పెద్దది చేసి చూపే, వెలుగున్న భూతద్దం) అన్నిటినీ చూసి ఫోటోలు తీసి పెడితే, తర్వాతి సారి పోల్చి చూడటం తేలిక. మచ్చలు వచ్చాయని మందు మానేయడం మాత్రం ఏ పరిస్థితిలోనూ చేయొద్దు.

ఎలాంటి మార్పు కనిపిస్తే ఇక ఆగకూడదు?

డాక్టర్లు వాడే ఏబీసీడీఈ సూత్రం ఇది. మచ్చని మధ్యలో గీత గీస్తే రెండు సగాలూ ఒకేలా లేకపోవడం, అంచు గజిబిజిగా ఉండడం, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు, 6 మిల్లీమీటర్లు దాటిన వెడల్పు, చివరగా మార్పు. చివరిదే అన్నిటికన్నా ముఖ్యం. వారాల్లో, నెలల్లో పెరుగుతున్నా, రంగు మారుతున్నా, ఎత్తు లేస్తున్నా, దానంతట అది రక్తం కారుతున్నా, 4 మిల్లీమీటర్లే ఉంది కదా అని ఆగొద్దు.

ఇంకో పద్ధతి నాకు ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే దానికి కొలతలు అక్కర్లేదు. ఒంటి మీద మచ్చలన్నీ ఒక పోలికలో ఉంటాయి. వాటిలో ఒకటి ఆ పోలికలో ఇమడకుండా కనిపిస్తే ముందు దాన్నే చూపించండి. నలభై దాటాక పూర్తిగా కొత్తగా వచ్చిన మచ్చ కూడా చూపించాల్సిందే.

అరికాలిలో నల్లగా ఉంది. ఆనెకాయో, పులిపిరో, మచ్చో ఎలా తెలుస్తుంది?

ఆనెకాయ ఒత్తిడి పడే చోట గట్టిపడుతుంది, నిలువుగా నొక్కితే నొప్పి. పులిపిరి అయితే గరుకుగా ఉండి లోపల సూదిమొన లాంటి నల్ల చుక్కలు కనిపిస్తాయి, అవి గడ్డకట్టిన సన్నని రక్తనాళాలు. చెప్పు ఒరుసుకుని మడమలో రక్తం గడ్డకట్టినా నల్లగానే ఉంటుంది, కొన్ని వారాల్లో పై చర్మంతో పాటు రాలిపోతుంది.

మెలనోమా ఈ మూడింటిలా కూడా కనిపించగలదు, అదే చిక్కు. చదునుగా, సిరా ఒలికినట్టు అంచు తెలియకుండా పాకుతూ ఉంటే ఆలస్యం చేయొద్దు. ఆనెకాయ పట్టీలు నెల రోజులు వేసినా మానకపోతే ఇంకో పట్టీ వేయొద్దు. బ్లేడుతో చెక్కడం అసలే వద్దు. డెర్మోస్కోప్ కింద చూసినప్పుడు అరికాలి చర్మపు గీతల గాడుల్లో రంగు ఉంటే సాధారణంగా మామూలు మచ్చ, గట్ల మీద రంగు ఉంటే అనుమానం. మామూలు కంటికి ఈ తేడా దొరకదు.

గోరు మీద నిలువుగా నల్ల గీత వచ్చింది.

మన రంగువాళ్లకి వయసు పెరిగేకొద్దీ చాలా గోళ్ల మీద లేత గోధుమ గీతలు రావడం మామూలే. కొన్ని మందులతోనూ వస్తాయి. ఒకే గోరు మీద, ముఖ్యంగా చేతి లేదా కాలి బొటనవేలి మీద, గీత వచ్చి వెడల్పు అవుతుంటే, గోటి మొదలు దగ్గర చర్మానికి కూడా నలుపు పాకితే, గోరు చీలుతుంటే వెంటనే చూపించాలి. దెబ్బ తగిలి గడ్డకట్టిన రక్తం గోటితో పాటు ముందుకు జరుగుతుంది. మొదలు దగ్గర గోరు శుభ్రంగా బయటికొస్తుంటే ఊరట. చేతి గోరు పూర్తిగా మారడానికి ఆరు నెలలు, కాలి బొటనవేలి గోరుకి ఏడాది పైనే పడుతుంది కాబట్టి పూర్తిగా పోయేదాకా వేచి చూడొద్దు, రెండు మూడు వారాల్లోనే జరుగుతోందో లేదో ఫోటోలో తెలిసిపోతుంది.

మొహం మీద, మెడ మీద నల్లటి చిన్న పులిపిర్లు పెరుగుతున్నాయి. ఇవీ మందు వల్లేనా?

చాలావరకు కాదు. బుగ్గల మీద, కళ్ల చుట్టూ నల్లగా ఉబ్బెత్తుగా వచ్చేవి మన కుటుంబాల్లో అమ్మకీ పెద్దమ్మకీ ఉన్నవే. మెడ మీద వేలాడేవి బరువు, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. సైక్లోస్పోరిన్‌తో ముక్కు, బుగ్గల మీద పసుపుపచ్చగా, మధ్యలో చిన్న గుంటతో గింజలు వస్తాయి, అవి నూనె గ్రంథులు. వేళ్ల మీద గరుకు పులిపిర్లు గుంపుగా వచ్చి మానకపోతే మాత్రం అది హెచ్‌పీవీ, ఇమ్యూనిటీ తగ్గినవాళ్లలో మొండికేస్తుంది.

నల్లగా ఏం లేదు, కానీ ఒక పుండు మానట్లేదు. అది కూడా చెప్పాలా?

ముందు చెప్పాల్సింది అదే. మచ్చ అంటే నలుపే అనుకుని జనం దీన్ని వదిలేస్తారు. ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్లలో మెలనోమా కన్నా స్క్వామస్ సెల్ కార్సినోమా చాలా ఎక్కువ, అది నల్లగా ఉండాల్సిన పని లేదు. పొలుసు కట్టిన గడ్డలా, ఎర్రటి పుండులా, పైన గట్టి కొమ్ములా వస్తుంది. నాలుగు వారాల్లో మానని పుండు, పట్టుకుంటే నొప్పిగా ఉండి త్వరగా పెరిగే గడ్డ, పాత కాలిన మచ్చలో పగులు, లంగా బొందు లేదా పంచె ముడి ఏళ్ల తరబడి ఒరుసుకుని తెల్లబడ్డ నడుము దగ్గర పుండు, ఇవన్నీ చూపించాల్సినవే.

శ్రీకాకుళం, విశాఖ తీరంలో అడ్డపొగ తాగే అలవాటున్న ఆడవాళ్లు అంగిలి కూడా చూపించుకోవాలి. నిప్పు వైపు నోట్లో పెట్టుకునే ఆ చుట్ట వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి దశాబ్దాలుగా తెలుసు, ఇమ్యూనిటీ తగ్గించే మందు దానికి తోడైతే ఇంకా చెడు.

చేతుల మీద ఊదా రంగు మచ్చలు వస్తున్నాయి. ఇవి క్యాన్సరా?

ప్రెడ్నిసొలోన్ ఏళ్ల తరబడి వాడితే చర్మం పలచబడి, తెలియకుండా తగిలిన చిన్న దెబ్బకే కమిలిపోతుంది. అలాంటివి రెండు వారాల్లో రంగు మారి పోతాయి. పోకుండా పాదాల మీద, కాళ్ల మీద ఊదా లేదా నలుపు రంగులో గట్టిపడితే కపోసి సార్కోమా అనే క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. అదే అయినా, చాలామందిలో మందుల మోతాదు తగ్గించి సిరోలిమస్ అనే ఇంకో ఇమ్యూనిటీ మందుకి మార్చితే వెనక్కి తగ్గుతుంది.

కొత్త పుట్టుమచ్చ వస్తే అదృష్టం అంటారు మా అత్తగారు.

అననివ్వండి. అపాయింట్‌మెంట్ మాత్రం తీసుకోండి.

నెలకోసారి ఇంట్లో ఎలా చూసుకోవాలి?

స్నానం అయ్యాక, వెలుతురున్న గదిలో, నిలువుటద్దం ముందు. చేతి అద్దం ఒకటి ఉంటే వీపు, పిరుదులు, తొడల వెనక కనిపిస్తాయి. మోకాలు వంగనివాళ్లు అరికాలు చూసుకోలేరు, ఫోన్ కెమెరాని కింద పెట్టి ఫోటో తీసుకుంటే సరిపోతుంది. తల మీద ఇంట్లో ఇంకొకరు దువ్వెనతో పాయలు తీస్తూ చూడాలి. నెలనెలా క్షవరం చేసే మనిషిని "ఏమైనా మచ్చ కనిపిస్తే చెప్పు" అని అడిగి పెట్టుకున్నా చాలు.

మన ఇళ్లలో దాపరికానికి కారణాలు వేరే ఉన్నాయి. అరికాళ్లకి పసుపు, పారాణి, గోళ్లకి గోరింటాకు. పండగలూ పెళ్లిళ్లూ వరసగా వచ్చే నెలల్లో కొందరి అరికాళ్ల అసలు రంగు కనిపించనే కనిపించదు. చర్మం మీది గోరింటాకు రెండు మూడు వారాల్లో వెలిసిపోతుంది, గోటి మీది రంగు గోరు పెరిగేదాకా ఉంటుంది. పెట్టుకోవద్దని ఎవరికీ చెప్పను, పెట్టుకునే ముందు రోజు ఒకసారి చూసుకోండి, ఒక్క బొటనవేళ్లయినా వదిలేయండి. మెట్టెలు కాస్త జరిపి కింద చూడండి. మొలతాడు కింద, రొమ్ముల కింద, కాలివేళ్ల సందుల్లో, చెవుల వెనక, మర్మాంగాల దగ్గర కూడా చూడాలి. ఆ చివరి చోటు గురించి డాక్టర్‌కి చెప్పడానికి సిగ్గుపడి ఏడాది పొడుగునా దాచుకునేవాళ్లు ఉన్నారు. ఆడ డాక్టర్ కావాలని అడగొచ్చు, అది మీ హక్కు.

ఫోటో ఎలా తీస్తే పనికొస్తుంది?

మచ్చ పక్కన చిన్న స్కేలు పెట్టి, పగటి వెలుతురులో, ఫిల్టర్లు, బ్యూటీ మోడ్ తీసేసి రెండు ఫోటోలు. ఒకటి దగ్గరగా, ఇంకొకటి అది ఒంట్లో ఎక్కడుందో తెలిసేలా దూరంగా. తేదీతో ఒక ఫోల్డర్‌లో ఉంచండి. మూడు నెలలకోసారి అదే చోట, అదే దూరం నుంచి మళ్లీ తీయండి.

## డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు

ఎవరికి చూపించాలి? మా కిడ్నీ డాక్టర్‌కి చెబితే చాలదా?

ఆయనకి చెప్పండి, చూపించాల్సింది మాత్రం చర్మ డాక్టర్‌కి, అంటే ఎండీ డీవీఎల్ చదివినవాళ్లకి. డెర్మోస్కోప్ ఉందా అని ఫోన్‌లోనే అడగండి. వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి, ఇది తప్పనిసరి. తామరకి మామూలుగా రాసే ఇట్రకొనజోల్, ఫ్లూకొనజోల్ మాత్రలు, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ రక్తంలో టాక్రోలిమస్, సైక్లోస్పోరిన్ స్థాయిని ఒక్కసారిగా పెంచేస్తాయి. మచ్చ కోసం వెళ్లి తామరకి మాత్ర తెచ్చుకుని కిడ్నీ దెబ్బతీసుకోకూడదు కదా.

వాట్సాప్‌లో ఫోటో పంపితే చెప్పేయలేరా?

ఎంత తొందరగా రావాలో చెప్పడానికి పనికొస్తుంది. "ఏం లేదు" అని తేల్చడానికి పనికిరాదు. అలా తేల్చేసే వాళ్లని, ఫోన్‌లో యాప్‌లని నమ్మొద్దు. ఆ యాప్‌లకి నేర్పిన ఫోటోల్లో ఎక్కువ తెల్ల చర్మానివే, మన అరికాళ్లు వాటికి కొత్త.

ముక్క తీస్తే క్యాన్సర్ రేగుతుందంట కదా?

కత్తి తగిలితే పాకుతుందన్నది మన దగ్గర బలంగా పాతుకుపోయిన భయం. చర్మం ముక్క తీసి పరీక్ష చేయడం వల్ల మెలనోమా పాకుతుందని ఆధారం లేదు. పాకేది ఆలస్యం వల్ల. చిన్న మచ్చ అయితే చుట్టూ రెండు మిల్లీమీటర్ల మంచి చర్మంతో కలిపి మొత్తం తీసేస్తారు. మత్తు సూది నొప్పే నొప్పి, ఆపైన తెలియదు. తీసిన ప్రతి ముక్కా పరీక్షకి వెళ్లాలి. "మామూలుదే, పంపక్కర్లేదు" అంటే మీరే పట్టుబట్టి పంపించండి.

ముక్క పరీక్షకి ముందు ఇమ్యూనిటీ మందులు ఆపాలా? తర్వాత నొప్పికి ఏం వేసుకోవాలి?

ఆపక్కర్లేదు. రక్తం పలచబరిచే మందులు కూడా చిన్న కోతకి సాధారణంగా ఆపరు, కానీ వాడుతున్నట్టు చెప్పాలి. సిరోలిమస్, ఎవరోలిమస్ వాడేవాళ్లకి గాయం నెమ్మదిగా మానుతుంది, అందుకని కుట్లు మరికొన్ని రోజులు ఉంచుతారు. నొప్పికి పారాసిటమాల్ చాలు. మెడికల్ షాపులో చేతికిచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మార్పిడి కిడ్నీకి హాని చేస్తాయి.

పార్లర్‌లో, లేజర్ సెంటర్‌లో ఐదు నిమిషాల్లో కాల్చేస్తామంటున్నారు. సున్నం పెట్టినా పోతుందట.

లేజర్, కాటరీ మచ్చని కాల్చేస్తాయి కాబట్టి పరీక్షకి ఏమీ మిగలదు. అది మెలనోమా అయితే పైన మచ్చ పోయి లోపల పెరుగుతుంది, నెలల తర్వాత చంకలోనో గజ్జలోనో గడ్డగా తేలుతుంది. రంగున్న మచ్చని ముందు డాక్టర్ డెర్మోస్కోప్‌తో చూడకుండా ఎవరూ ముట్టుకోకూడదు. మందులు వాడని వాళ్లకి కూడా ఇదే మాట.

సున్నం సోడా కలిపి పెట్టడం, నల్లజీడి రసం రాయడం, గుర్రపు వెంట్రుకతో ముడేయడం, ఇవన్నీ పుండు చేస్తాయి. ఇమ్యూనిటీ తగ్గిన ఒంట్లో ఆ పుండుకి చీము పట్టి ఆసుపత్రిలో చేరాల్సి రావచ్చు. ఇంట్లో పెద్దవాళ్లతో వాదించడం కష్టమే, "డాక్టర్ వద్దన్నాడు" అని నా మీదికి తోసేయండి.

## రిపోర్ట్ చేతికి వచ్చాక

'డిస్‌ప్లాస్టిక్ నీవస్' అని రాశారు. క్యాన్సర్ అనా?

కాదు. మామూలు మచ్చకి భిన్నంగా కణాలున్న మచ్చ. తేలికపాటి తేడా అయి, పూర్తిగా తీసేసి ఉంటే మళ్లీ కోయరు, గమనిస్తారు. తీవ్రమైన తేడా అని ఉంటే మరికొంత చుట్టూ చర్మం తీస్తారు. మిగతా మచ్చల్ని ఇంకొంచెం తరచుగా చూపించుకోవాలి.

మెలనోమా అని వచ్చింది. ఇప్పుడు కిడ్నీ వదులుకోవాలా?

చాలామందికి అక్కర్లేదు. రిపోర్ట్‌లో 'బ్రెస్లో మందం' అని, గడ్డ చర్మంలోకి ఎంత లోతు దిగిందో చెప్పే ఒక అంకె ఉంటుంది, ముందు దాన్ని చూడండి. 1 మిల్లీమీటర్ కన్నా తక్కువైతే చుట్టూ సుమారు ఒక సెంటీమీటర్ చర్మంతో తీసేస్తే ఎక్కువమందికి అక్కడితో అయిపోతుంది. మందం పెరిగేకొద్దీ కోత వెడల్పు పెరుగుతుంది, గజ్జలో లేదా చంకలో మొదటి లింఫ్ గ్రంథిని పరీక్షిస్తారు.

చిక్కంతా పాకిన మెలనోమాతో వస్తుంది. దానికి నేడు మంచి మందులు పెంబ్రోలిజుమాబ్, నివోలుమాబ్ లాంటి ఇమ్యునోథెరపీలు. అవి రోగనిరోధక శక్తిని ఎగదోస్తాయి, మనం వాడేవి అణచిపెడతాయి. కిడ్నీ మార్పిడి అయినవాళ్లకి వాటిని ఇస్తే సుమారు 40 శాతం మందిలో రిజెక్షన్, అంటే కొత్త కిడ్నీని శరీరం తిప్పికొట్టడం, కనిపించింది. కిడ్నీ పోతే డయాలసిస్‌తో బతకొచ్చు, గుండె, కాలేయం మార్పిడి అయినవాళ్లకి ఆ వెసులుబాటు లేదు. అందుకే ఈ నిర్ణయం క్యాన్సర్ డాక్టర్, మార్పిడి డాక్టర్, మీరూ కలిసి కూర్చుని తీసుకోవాల్సింది. ఒకరి గది నుంచి ఇంకొకరి గదికి మిమ్మల్ని తిప్పుతుంటే, ఇద్దరినీ ఫోన్‌లోనైనా మాట్లాడుకోమని గట్టిగా అడగండి.

స్క్వామస్ సెల్ కార్సినోమా అన్నారు. మందులు మారుస్తారా?

ఒక్కటి చిన్నది వస్తే తీసేసి గమనిస్తారు. మళ్లీ మళ్లీ వస్తుంటే అజథయోప్రిన్ తగ్గించడం, టాక్రోలిమస్ లేదా సైక్లోస్పోరిన్ బదులు సిరోలిమస్‌కి మార్చడం గురించి మార్పిడి డాక్టర్ ఆలోచిస్తారు. యూరప్‌లో జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో, అలా మార్చిన కిడ్నీ పేషెంట్లకి కొత్త గడ్డలు తగ్గాయి. సిరోలిమస్‌కి కూడా నోటిపూత, కాళ్ల వాపు, మూత్రంలో ప్రొటీన్ పోవడం లాంటి ఇబ్బందులున్నాయి. అందరికీ పడదు.

## ఏళ్ల తరబడి

అయిదేళ్లయింది, ఏమీ రాలేదు. ఇక భయం లేనట్టేనా?

రిజెక్షన్ విషయంలో మొదటి ఏడాది గండం. చర్మం విషయంలో లెక్క తిరగబడుతుంది, మందు వాడిన ఏళ్లు పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది. ఏ ఇబ్బందీ లేకపోతే ఏడాదికోసారి చర్మ పరీక్ష సరిపోతుంది. ఒకసారి చర్మ క్యాన్సర్ వచ్చి ఉంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి.

పొలం పని నాది. ఎండలోకి వెళ్లకుండా ఎలా?

వెళ్లండి, పదకొండు నుంచి మూడున్నర మధ్య పని వీలైనంత తగ్గించండి. తలపాగా, పూర్తి చేతుల చొక్కా, మెడ మీద తువ్వాలు ఏ క్రీమ్ కన్నా నమ్మకమైనవి, డబ్బు కూడా కలిసొస్తుంది. బట్ట కప్పని చోట ఎస్‌పీఎఫ్ 30 లేదా ఆపైన ఉన్న సన్‌స్క్రీన్, చెమటకి పోతుంది కాబట్టి రెండు గంటలకోసారి. అల్ట్రావయొలెట్-ఏ కిరణాలు కారు అద్దంలోంచి కూడా వస్తాయి, అజథయోప్రిన్ వాడే డ్రైవర్లు కుడి చేతికి చొక్కా చేతులు దించుకోండి. విటమిన్ డి తగ్గుతుందేమోనని ఎండలో కూర్చోవద్దు, రక్త పరీక్ష చేయించి మాత్ర వేసుకోవచ్చు.

మెలనోమా మన అరికాలిలో రావడానికి ఎండ ప్రధాన కారణం కాదు. సన్‌స్క్రీన్ రాస్తున్నాం కదా అని అరికాలు చూసుకోవడం మానొద్దు.

నికోటినమైడ్ మాత్రలు వేసుకుంటే స్కిన్ క్యాన్సర్ రాదని చదివాను.

2015లో ఆస్ట్రేలియా అధ్యయనంలో, అంతకుముందు చర్మ క్యాన్సర్లు వచ్చిన మామూలు మనుషులకి రోజుకి రెండుసార్లు 500 మిల్లీగ్రాములు ఇస్తే కొత్తవి 23 శాతం తగ్గాయి. 2023లో అక్కడే ట్రాన్స్‌ప్లాంట్ అయినవాళ్ల మీద చేసిన అధ్యయనంలో ఆ లాభం కనపడలేదు. మెలనోమాకి అది మందు కాదు. నేనైతే ఆ డబ్బుతో మంచి టోపీ కొనుక్కోమంటాను.

ఇమ్యూనిటీ తగ్గిందనేగా ఇదంతా, తిప్పతీగ కషాయం తాగి పెంచుకుంటే?

వద్దు. పెరిగిన ఇమ్యూనిటీ ముందు కొట్టేది మీ కొత్త కిడ్నీనే. పైగా తిప్పతీగతో కాలేయం దెబ్బతిన్న కేసులు కోవిడ్ కాలంలో మన దేశంలోనే నమోదయ్యాయి. అశ్వగంధ, 'ఇమ్యూనిటీ బూస్టర్' పొడులూ ఇంతే.

మా బాబుకి పదేళ్లు, నెఫ్రోటిక్ సిండ్రోమ్ అనే కిడ్నీ జబ్బుకి మందులు వాడుతున్నాం. మచ్చలు వస్తున్నాయి.

ఆ వయసులో మందులు లేని పిల్లలకి కూడా కొత్త మచ్చలు వస్తాయి, ఉన్నవి ఒంటితో పాటు పెరుగుతాయి. పిల్లల్లో మెలనోమా చాలా అరుదు. ఒక్క మచ్చ మిగతావాటికన్నా వేగంగా పెరుగుతున్నా, ఎర్రగా ఉబ్బి రక్తం వస్తున్నా చూపించండి. లేదంటే ఏడాదికోసారి చాలు.

అబ్బాయి దగ్గరికి ఆరు నెలలు అమెరికా వెళ్తున్నాం. ఇంతకుముందు ఒక మచ్చ తీయించారు, ఏం తీసుకెళ్లాలి?

బయాప్సీ (ముక్క పరీక్ష) రిపోర్ట్ కాపీ, వీలైతే ల్యాబ్ నుంచి స్లైడ్లు, తీసిన ముక్కని భద్రపరిచిన మైనం దిమ్మెలు కూడా. ల్యాబ్‌లు వాటిని దాచి ఉంచుతాయి, రాసిచ్చి అడిగితే ఇస్తాయి. అక్కడ మళ్లీ ఏదైనా వస్తే పాత స్లైడ్‌తో పోల్చడానికి అవే ఆధారం. మందుల జెనెరిక్ పేర్లు రాసిన కాగితం ఉంచుకోండి, ఇక్కడి బ్రాండ్ పేర్లు అక్కడ ఎవరికీ తెలియవు. మచ్చల ఫోటోల ఫోల్డర్ అబ్బాయి ఫోన్‌లోకి కూడా ఒకటి ఎక్కించండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ పాత జబ్బులకి ఇస్తుందో లేదో టికెట్ కొనే ముందే కనుక్కోండి, చాలా పాలసీలు ఇవ్వవు. చర్మ పరీక్ష గడువు ఆ ఆరు నెలల్లో పడుతుంటే బయల్దేరే ముందే ఇక్కడ చేయించుకుని వెళ్లడం చవక.